క్లాసులో పిల్లల చేత సినిమా తీయించాలంటే

ఫోన్ పిల్లల చేతికి చివర్లో ఇవ్వండి. మొదటి రోజే ఇచ్చేస్తే అరగంటలో బోలెడు వీడియో వస్తుంది, కథ మాత్రం రాదు.

నిడివి 90 సెకన్లు దాటనివ్వకండి. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని పిల్లలు కొట్టుకునేది అంత తక్కువ టైమ్ ఉన్నప్పుడే, పాఠం బుర్రకెక్కేదీ అప్పుడే. ఇక టాపిక్ 'నీటి చక్రం' అని ఇస్తే పుస్తకంలో ఉన్నది కెమెరా ముందు నిలబడి అప్పజెప్పేస్తారు. దాని బదులు 'తడిబట్టలో నీళ్లు ఎటు పోయాయి?' అని అడగండి.

తెల్లకాగితాన్ని ఎనిమిది గళ్లుగా మడిచి స్టోరీబోర్డ్, అంటే సినిమా మొత్తాన్ని వరస బొమ్మల్లో, గీయించండి, గడికో షాట్. బొమ్మలు పుల్లల మనుషుల్లా ఉన్నా ఫర్వాలేదు, కానీ ప్రతి గడి కింద ఏం కనిపిస్తుందో, ఏం వినిపిస్తుందో రెండూ రాయాలి. మొదటి గడిలో తీగ మీద బట్ట, రెండో దాంట్లో జారుతున్న చుక్క దగ్గరగా, అంతవరకూ ఈజీయే. మూడో గడి దగ్గర ఆగిపోతారు, ఎందుకంటే నీటి ఆవిరి కంటికి కనపడదు. ఎవరో ఒకరు మరిగే గిన్నె చూపిద్దామంటారు. అక్కడ తెల్లగా కనిపించేది ఆవిరి కాదని, చల్లబడి మళ్లీ సన్నటి బిందువులైన నీళ్లేనని అప్పుడు చర్చకొస్తుంది. ఆ చర్చను తొందరపెట్టకండి, షూటింగ్ మర్నాటికి వాయిదా పడినా సరే. నన్నడిగితే మొత్తం ప్రాజెక్టులో అసలు చదువు అదే.

గ్రూపుకి నలుగురు చాలు: డైరెక్షన్, కెమెరా, సౌండ్, ఎడిటింగ్. తర్వాతి సినిమాకి పనులు మార్చండి, లేకపోతే గట్టిగా మాట్లాడే పిల్లే ఎప్పుడూ డైరెక్టర్.

షూటింగ్‌లో ఫోన్ అడ్డంగా, ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి. ప్రతి షాట్ పది సెకన్లు కదలకుండా పట్టుకోవాలి. కిటికీ మనిషికి ఎదురుగా ఉండాలి, వెనక ఉంటే ముఖం నల్లగా పడుతుంది. బొమ్మ కాస్త వణికినా చూస్తారు గానీ మాట వినపడకపోతే ఎవరూ చూడరు, కాబట్టి ఫ్యాన్ ఆపి, రెండో ఫోన్‌ని మాట్లాడేవాళ్ల దగ్గర పెట్టి వాయిస్ విడిగా రికార్డ్ చేయండి. మొదట్లో ఒక్కసారి చప్పట్లు కొట్టిస్తే ఎడిటింగ్‌లో వీడియో, వాయిస్ రెండూ తేలిగ్గా కలుస్తాయి.

ఎడిటింగ్‌కి ముందు ఒక చిన్న ఆట ఆడించండి. దాదాపు వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒకే ముఖాన్ని ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికించాడు, అదే ముఖంలో చూసేవాళ్లకి ఒకచోట ఆకలి, ఇంకోచోట దుఃఖం కనిపించాయంటారు. మీ పిల్లల్లో ఒకరి ముఖంతో ఇదే చేయించండి, కట్, అంటే ఒక షాట్ పక్కన ఇంకోటి అతికించడం, ఏం చేస్తుందో చెప్పక్కర్లేకుండానే తెలిసిపోతుంది. సాఫ్ట్‌వేర్‌కి ఓపెన్‌షాట్, షాట్‌కట్ రెండూ ఉచితం. సినిమా పాటలు పెట్టనివ్వకండి, కాపీరైట్ సమస్య. చప్పుళ్లు వాళ్లే చేసి రికార్డ్ చేసుకోవాలి.

తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా ఏదీ ఆన్‌లైన్‌లో పెట్టకండి, క్లాసులో వేసి చూపిస్తే చాలు. మార్కులు అందానికి వేయకండి. తీసి కూడా వాడని షాట్ ఒకటి చెప్పి, దాన్ని ఎందుకు వదిలేశారో ప్రతి గ్రూపు చేత అర పేజీ రాయించి దానికి వేయండి.