బోరు నీళ్లు పోస్తే వెలుగు పోతోంటే

తిరుపతిలో మా ల్యాబ్‌లో నీళ్లలో క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందును పట్టే కార్బన్ డాట్స్ (వెలుగునిచ్చే అతిసూక్ష్మ కార్బన్ రేణువులు) సెన్సర్ మీద పని చేస్తున్నాను. సూత్రం తేలికే: 365 నానోమీటర్ల యూవీ కింద డాట్స్ నీలంగా వెలుగుతాయి, మందు తగిలితే ఆ వెలుగు తగ్గుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో మందు మోతాదుకూ వెలుగు తగ్గుదలకూ గీసిన గ్రాఫ్ చక్కగా సరళరేఖలో వచ్చింది. చిత్తూరు వైపు మామిడితోటల బోరు నీళ్లు పోస్తే మాత్రం, మందే కొట్టని తోటలో కూడా సగం వెలుగు మాయం.

సీసా అడుగు చూశాక అనుమానం వచ్చింది. పంపు దగ్గర తేటగా ఉన్న నీళ్లే, ల్యాబ్‌కు చేరేసరికి తుప్పురంగు మడ్డి దిగింది. కరిగి ఉన్న ఫెర్రస్ ఇనుము గాలి తగిలి ఫెర్రిక్ అవుతుంది, అది చాలా రకాల డాట్స్ వెలుగును ఆర్పేస్తుంది. 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడగట్టి, కాస్త ఈడీటీఏ (ఇనుమును పట్టి బంధించే రసాయనం) కలిపాను. వెలుగు చాలావరకు తిరిగొచ్చింది. స్టాండర్డ్స్‌లోనూ (పోల్చడానికి తెలిసిన మోతాదులో మందు కలిపిన నీళ్లు) అంతే ఈడీటీఏ వేయాలి, లేకపోతే పోల్చి లాభం లేదు.

చెరువు నీళ్లది వేరే గొడవ. టీ డికాషన్ రంగులో ఉండే హ్యూమిక్ పదార్థం (ఆకులూ అలములూ కుళ్లగా వచ్చేది) యూవీని తనే మింగేస్తుంది, పైగా తనూ కాస్త వెలుగుతుంది. అందుకని డాట్స్ వేయని నీళ్ల రీడింగ్ తీసేశాను. నీళ్లు మింగే వెలుగును సరిచేయడానికి ఎక్సైటేషన్ (డాట్స్ మీద వేసే యూవీ), ఎమిషన్ (డాట్స్ ఇచ్చే నీలం) రెండు తరంగదైర్ఘ్యాల దగ్గరా అబ్జార్బెన్స్ (నీళ్లు వెలుగును ఎంత మింగుతున్నాయో చెప్పే కొలత) కొలిచి, కూడి, సగం చేసి, 10కి దాన్ని ఘాతంగా పెట్టి రీడింగ్‌ను గుణించాను. రంగు మరీ చిక్కగా ఉంటే ఈ లెక్క నమ్మొద్దు, నీళ్లు పలచన చేసుకోండి. ఆపైన స్టాండర్డ్ అడిషన్ (అవే నీళ్లలో తెలిసిన మోతాదులో మందు కలుపుతూ కొలవడం) తప్పదు.

తాగునీటిలో క్లోర్‌పైరిఫాస్‌కు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. అంతవరకు మా సెన్సర్ సరిపోతుంది. యూరప్ వాళ్ల హద్దు, లీటరుకు 0.1 మైక్రోగ్రాము, కొలవాలంటే జీసీ-ఎంఎస్ (రసాయనాలను విడదీసి గుర్తించే పెద్ద యంత్రం) దగ్గరికి పోవాల్సిందే.