ఎక్సోసోములు, 4వ పాఠం: కనిపించని పెల్లెట్

పోయిన పాఠంలో మీసెంకైమల్ స్టెమ్ సెల్స్ (ఎముక మజ్జ, కొవ్వులాంటి చోట్ల దొరికే మూలకణాలు) పెంచాం. ఇప్పుడు అవి మీడియాలోకి, అంటే కణాలు పెరిగే పోషక ద్రవంలోకి, వదిలిన ఎక్సోసోముల్ని (కణాలు బయటికి పంపే అతి చిన్న సంచుల్ని) వేరుచేద్దాం. బెంగళూరులో జీకేవీకే వైపు ల్యాబుల్లో ప్రాజెక్టులు చేస్తున్న మనవాళ్లు ముందుగా అడిగేది ఏ కిట్ కొనాలని. కిట్ సంగతి తర్వాత, ముందు సీరం సంగతి చూడండి.

మనం కణాలకు వేసే పశువుల సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో) వాటి ఎక్సోసోములు బోలెడుంటాయి. వాటిని వదిలించుకోకపోతే చివరికి చేతికొచ్చింది స్టెమ్ సెల్ సరుకో, ఆవు సరుకో తేలదు. అందుకని మీడియా తీయడానికి 48 గంటల ముందు కణాల్ని పీబీఎస్‌తో (కణాలకు హాని చేయని ఉప్పు ద్రావణంతో) రెండుసార్లు కడిగి, సీరం లేని మీడియా పోయండి. మధ్యలో మైక్రోస్కోపులో చూస్తుండండి. కణాలు ఊడి తేలుతుంటే ఆపేయాల్సిందే. చచ్చే కణాలు వదిలే తుక్కు కూడా ఎక్సోసోముల్లో కలిసిపోతుంది.

ఇక సెంట్రిఫ్యూజ్. అంతా 4 డిగ్రీల్లోనే. 300 జిలో 10 నిమిషాలు, 2,000 జిలో 10, 10,000 జిలో 30. ఈ మూడుసార్లూ అడుగుది వదిలేసి పైన తేరిన ద్రవమే తీసుకోవాలి. ఆఖరుది 1,00,000 జిలో 70 నిమిషాలు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది, కావలసింది అడుగునే ఉంటుంది. అలవాటు కొద్దీ చెయ్యి చెత్తడబ్బా వైపు పోతుంది, జాగ్రత్త. అన్నట్టు, జి అంటే భూమి ఆకర్షణకు ఎన్ని రెట్ల బలమో చెప్పే లెక్క, ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) కాదు. ట్యూబులు పట్టుకుని తిరిగే రోటర్ మారితే, అదే జికి కావలసిన ఆర్‌పీఎం మారుతుంది.

ఎక్సోసోము సైజు 30 నుంచి 150 నానోమీటర్లు. పెల్లెట్, అంటే అడుగున పేరుకునే ముద్ద, చాలాసార్లు కంటికే ఆనదు. ట్యూబుల్ని వాలుగా పట్టే యాంగిల్ రోటరైతే ట్యూబు పెట్టేముందే బయటి గోడమీద మార్కర్‌తో గీత గీసి, గీత బయటివైపు ఉండేలా పెట్టండి. ద్రవం వంపేశాక గీత కింద, అడుగు దగ్గర, ఏమీ లేదనిపించే చోటే 100 మైక్రోలీటర్ల పీబీఎస్ వేసి, బుడగలు రాకుండా పిపెట్‌తో మెల్లగా ఆడించండి. తర్వాత ట్యూబు నిండా పీబీఎస్ పోసి మళ్లీ 70 నిమిషాలు తిప్పాలి.

ఎందుకింత చాదస్తమంటే, 2010లో సింగపూర్ బృందం ఎలుకల గుండె మీద ఈ ఎక్సోసోములు పనిచేస్తాయని చూపగలిగింది శుద్ధి చేసిన సరుకుతోనే. ఫేషియల్ పేరుతో ఎక్సోసోములు అమ్మేవాళ్లను ఇదే అడగండి, ఎలా శుద్ధి చేశారని.

ఈ వారం పని: కణాలు లేని ఉత్త మీడియాని కూడా ఇదే వరసలో తిప్పి, రెండు ట్యూబుల్లోనూ ఎక్సోసోముల గుర్తులైన సీడీ63, సీడీ81 ప్రోటీన్లను వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను బ్యాండ్లుగా చూపే పరీక్షలో) చూడండి. కణం లోపలే ఉండే కాల్నెక్సిన్ ప్రోటీన్ కనిపించకూడదు, కనిపిస్తే కణాల తుక్కు కలిసినట్టే. ఉత్త మీడియా ట్యూబులోనూ బ్యాండ్లు వస్తే 5వ పాఠానికి రాకండి, సీరం దగ్గరికి వెళ్లండి.