కన్నదీ, అనుకున్నదీ: వింత సంగతులను పరిశోధించే తీరు

ఒక ఇంట్లో అర్ధరాత్రి మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తోందని ఎవరైనా చెప్పినప్పుడు, వినేవారు సాధారణంగా ఆ ఇంట్లో దయ్యం ఉందని నమ్మేస్తారు, లేదా చెప్పినవారు కట్టుకథ అల్లారని కొట్టిపారేస్తారు. ఈ రెండు దారుల్లోనూ పరిశోధనకు చోటు లేదు. చప్పుడు వినిపించడం ఒక అనుభవం, దానికి దయ్యం కారణమనడం ఆ అనుభవానికి ఇచ్చుకున్న అర్థం. మొదటిది చాలా సందర్భాల్లో నిజమే అయివుంటుంది, విచారించవలసింది రెండోదాన్ని. ఈ రెండింటినీ విడదీయడమే ఈ పనిలో అసలైన నేర్పు అని, తక్కిన మెళకువలన్నీ దాని తర్వాతే వస్తాయని నా నమ్మకం.

కనుక సాక్షిని కలిసేటప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకుని, పేజీని నిలువుగా రెండుగా విడగొట్టండి. ఎడమవైపు కంటికి కనిపించినదీ చెవికి వినిపించినదీ మాత్రమే, కుడివైపు దాన్ని ఏమనుకున్నారో రాయండి. "మెట్లమీద ఎవరో నడిచారు" అన్నది కుడివైపుకు వెళ్ళవలసిన మాట. "మెట్ల దిక్కునుంచి టక్, టక్ మని ఆరేడు సార్లు వినిపించింది, ఒక్కో చప్పుడుకూ మధ్య ఎడం పెరుగుతూ పోయింది, అప్పటికి నేను పడుకుని ఉన్నాను, లేచి చూడలేదు" అన్నది ఎడమవైపుకు చెందుతుంది. ఎడమవైపు ఇలా రాసుకున్నాక, పగలంతా వేడెక్కిన చెక్క మెట్లు, నీటి గొట్టాలు రాత్రి చల్లబడి ముడుచుకుంటూ చప్పుడు చేస్తాయన్న సంగతి దానంతటదే గుర్తుకొస్తుంది. చల్లబడడం నెమ్మదించేకొద్దీ చప్పుళ్ళ మధ్య ఎడం పెరగడమూ సహజమే. అదే కారణమని అప్పుడే తీర్మానించకూడదు. అదే వేళకు, అదే గదిలో, అదే మంచం మీద కూర్చుని వినాలి. సాక్షులు ఒకరికంటే ఎక్కువమంది ఉంటే విడివిడిగా మాట్లాడాలి, ఎందుకంటే ఒకసారి అందరూ కూర్చుని చెప్పుకున్నాక నలుగురి జ్ఞాపకాలూ కలిసి ఒకే కథ అవుతాయి. "ఆ ఆకారం తెల్లగా ఉందా?" అని అడగడం మనమే సాక్షి నోటికి మాట అందించడం. "ఏం చూశారు?" అని అడిగి ఊరుకోవడం మేలు.

దయ్యాల ఇళ్ళ విషయంలో అన్నిటికంటే ముందు చూడవలసినది ఒకటుంది. 1921లో విలియం విల్మర్ అనే అమెరికన్ కంటి వైద్యుడు ఒక వైద్య పత్రికలో ఒక కుటుంబం అనుభవాన్ని ప్రచురించారు. కొత్త ఇంట్లో చేరిన ఆ కుటుంబానికి అడుగుల చప్పుళ్ళు వినిపించాయి, వింత ఆకారాలు కనిపించాయి, తలనొప్పులు పట్టుకున్నాయి, ఇంట్లోని మొక్కలు వాడిపోయాయి. చివరకు తేలిందేమిటంటే, ఇంటిని వెచ్చబరచే కొలిమి చెడిపోయి, దానినుంచి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ గదుల్లోకి చేరుతోంది. ఈ వాయువుకు రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. కాబట్టి ఒకే ఇంట్లో పలువురికి తలనొప్పి, వికారం, భ్రమలు కలుగుతున్నాయని విన్నప్పుడు మన పరిశోధనను పక్కనపెట్టి, వారిని వెంటనే బయటి గాలిలోకి రమ్మని, ఇంట్లో ఇంధనం మండే పరికరాలన్నిటినీ పరీక్ష చేయించమని చెప్పాలి. సాక్షిని అబద్ధాలకోరుగా కొట్టిపారేసేవారి చేతుల్లో ఇలాంటి కుటుంబం ప్రాణాలే పోవచ్చు.

నోటి మాటగా ప్రచారమయ్యే కథలకు పద్ధతి వేరు, ఎందుకంటే అక్కడ ప్రశ్నించడానికి సాక్షే దొరకడు. "మా స్నేహితుడికి తెలిసిన ఒకాయనకు జరిగింది" అన్న చోట ఆగి, ఆ ఒకాయన దాకా మెట్టు మెట్టుగా వెనక్కి నడవాలి. రాత్రివేళ దారిలో కారెక్కి, దిగకుండానే మాయమైపోయే ప్రయాణికురాలి కథనే తీసుకుంటే, 1942లో ఇద్దరు అమెరికన్ జానపద పరిశోధకులు దాని రూపాలను 79 సేకరించి పోల్చారు. ఊరూ పేరూ మారుతున్నా కథ ఎముకలు మాత్రం అవేనని కనిపించినప్పుడు, అది సంఘటనగా కాక కథగా ప్రయాణిస్తోందని గ్రహించాలి. ఇక తేదీ, స్థలం స్పష్టంగా చెప్పే వాదన అయితే ఆ నాటి వార్తాపత్రికలనూ అధికారిక నివేదికలనూ తెరవాలి. ఓడలు వింతగా మాయమవుతాయని చెప్పుకునే, అమెరికా వైపునున్న అట్లాంటిక్ సముద్ర ప్రాంతం బెర్ముడా ట్రయాంగిల్ గురించి లారెన్స్ కుషే అనే లైబ్రేరియన్ చేసింది సరిగ్గా ఇదే. 1975లో ప్రచురించిన తన పుస్తకంలో, ప్రశాంత సముద్రంలో మాయమైనట్టు చెప్పిన ఓడలు కొన్ని నిజానికి తుపానులో చిక్కుకున్నాయని, మరికొన్ని ఆ ప్రాంతానికి ఎంతో దూరంలో గల్లంతయ్యాయని ఆయన చూపించారు. తరచుగా ఆ జాబితాలో చేర్చే మేరీ సెలెస్ట్ అనే ఓడ 1872లో మనుషులు లేకుండా కనిపించింది పోర్చుగల్‌కూ అజోర్స్ దీవులకూ మధ్య, అంటే అట్లాంటిక్ అవతలి వైపున.

ఫోటోల దగ్గర మనం తప్పు ప్రశ్న అడిగి మోసపోతాం. 1917లో ఇంగ్లండ్‌లోని కాటింగ్లీ అనే ఊళ్ళో ఇద్దరు ఆడపిల్లలు దేవకన్యలతో ఉన్న ఫోటోలు తీశారు. నెగెటివ్‌ను పరిశీలించిన ఒక నిపుణుడు దానిలో ఏ మార్పూ చేయలేదని, రెండు బొమ్మలను కలపకుండా ఒకే ఎక్స్‌పోజర్‌లో తీసినదని చెప్పాడు. ఆర్థర్ కానన్ డాయిల్ వంటి ప్రసిద్ధ రచయిత వాటిని నమ్మి 1920లో పత్రికలో రాశారు. కాగితం మీద గీసి కత్తిరించిన బొమ్మలను టోపీ పిన్నులతో నిలబెట్టామని ఆ ఇద్దరూ ఒప్పుకోవడానికి 1983 దాకా పట్టింది. నెగెటివ్ శుభ్రంగానే ఉంది, మోసమంతా కెమెరా ముందు జరిగింది. కనుక "ఈ ఫోటోను మార్చారా?" అని మాత్రమే అడిగి ఊరుకోకుండా, "కెమెరా ముందు ఏముంటే ఈ ఫోటో వస్తుంది?" అని కూడా అడిగి, వీలైతే అదే వెలుతురులో అదే కోణంనుంచి మీరే ఒకటి తీసి చూడండి.

ఇప్పుడు ఈ విద్యలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగానికి వస్తాను. 1853లో ఇంగ్లండ్‌లో కొందరు బల్ల చుట్టూ కూర్చుని దానిమీద చేతులుంచితే, తాము తోయకుండానే అది కదులుతోందని, ఆత్మలు గానీ విద్యుత్తు గానీ దాన్ని కదుపుతున్నాయని నమ్మేవారు. ప్రసిద్ధ శాస్త్రవేత్త మైకేల్ ఫారడే వారిని హేళన చేయలేదు, వారు నిజాయితీపరులనే భావించారు. ఆయన కొన్ని అట్టముక్కలను, కొద్దిగా జారే మెత్తని బంకతో ఒకదానిమీద ఒకటి అంటించి, వాటిని బల్లకూ చేతులకూ మధ్య పెట్టారు. బల్లే ముందు కదిలితే అడుగు అట్ట ముందుకు జరిగి, పై అట్టలు వెనకబడాలి. చేతులే తోస్తే పై అట్ట ముందుకు జరగాలి. తీసి చూస్తే పై అట్టే ముందుకు జరిగి ఉంది. తర్వాత, చేతుల ఒత్తిడి ఏమాత్రం పక్కకు మళ్ళినా చూపించే తేలికైన ముల్లును అమర్చి, కూర్చున్నవారికి కనిపించేలా పెట్టారు. తమ తోపు తమ కళ్ళకే కనిపించడం మొదలవగానే బల్ల కదలడం మానేసింది. తోస్తున్నట్టు వారికి తెలియదు, అయినా తోస్తున్నది వారే. రెండు వివరణలూ వేర్వేరు ఫలితాలను ఇచ్చే ఏర్పాటు ముందుగా ఆలోచించి, ఆ తర్వాతే ఫలితం చూడడం ఎలాగో ఈ అట్టముక్కలు నేర్పినంత బాగా మరేదీ నేర్పదు.

ఎవరైనా తమకు ప్రత్యేక శక్తి ఉందన్నప్పుడు పరీక్ష నియమాలను వారితో కలిసే రాయండి, ఆ పరిస్థితుల్లో తమ శక్తి పనిచేస్తుందని వారిచేత ముందే ఒప్పించండి, ఎన్ని సరైతే నెగ్గినట్టో ముందే నిర్ణయించండి. ఎమిలీ రోజా అనే అమెరికన్ బాలిక తొమ్మిదేళ్ళ వయసులో మొదలుపెట్టి, రోగి శరీరం చుట్టూ ఉండే శక్తిని చేతులతో గుర్తించగలమనే 21 మంది చికిత్సకులను పరీక్షించింది. తెర వెనుకనుంచి వారు రెండు చేతులూ చాస్తే, ఏ చేతి మీద తన చెయ్యి ఉంచాలో నాణెం ఎగరేసి నిర్ణయించేది. 280 ప్రయత్నాల్లో ఊరికే ఊహించినా 140 సరి కావాలి, వారు చెప్పినవి 123 మాత్రమే సరయ్యాయి. 1998లో ఇది ప్రసిద్ధ వైద్య పత్రికలో వచ్చింది. ప్రయత్నాల సంఖ్య ఎందుకు ముఖ్యమంటే, ఇలాంటి రెంటిలో ఒకటి ఎంచుకునే పరీక్షను పదిసార్లే పెడితే, ఏ శక్తీ లేని నూరుమందిలో అయిదారుగురు ఎనిమిదీ అంతకు మించీ సరిగ్గా చెప్పేస్తారు. సమాధానం తెలిసినవారెవరూ ఆ గదిలో ఉండకుండా చూడడమూ అంతే ముఖ్యం, ఎందుకంటే ముఖంలో కదిలే ఒక్క గీత చాలు.

కొన్ని వాదనలకు కాగితం, పెన్సిలు చాలు. చంద్రుడి మీదనుంచి చైనా గోడ కనిపిస్తుందంటారు. చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, గోడ వెడల్పు కొద్ది మీటర్లే. ఆరు మీటర్లనుకుని లెక్కవేస్తే, అది దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల దూరంనుంచి ఒక్క తలవెంట్రుకను చూడడంతో సమానం.

ఫలితాన్ని రాసేటప్పుడు "దయ్యం లేదని రుజువైంది" అని రాయకండి, ఆ సంగతిని మీరు పరీక్షించలేదు. "మూడు రాత్రులు ఫలానా వేళనుంచి ఫలానా వేళ వరకు కూర్చున్నాను, రెండు రాత్రులు చప్పుడు వినిపించింది, గొట్టం మీద చెయ్యి పెట్టినప్పుడు చప్పుడుతో పాటు అదురు తెలిసింది" అని రాయండి. వివరణకు లొంగని వివరం ఒకటి మిగిలితే దాన్ని కూడా అలాగే ఉంచి, ప్రచురించకముందే ఆ కాగితాన్ని మొదట సాక్షికి చూపించండి, ఎడమవైపు రాసినదంతా తాను చెప్పినట్టే ఉందో లేదో సరిచూసుకోవలసింది ఆ సాక్షే.