నీచమైన పాత్రను రంగస్థలంపై పోషించడం ఎలా?

భార్యను హింసించే భర్త, ఊచకోతకు ఆదేశాలిచ్చిన అధికారి వంటి పాత్ర చేతికి వచ్చినప్పుడు, ప్రేక్షకులు తనను ఆ పాత్రతో కలిపి చూస్తారేమోనన్న భయం నటుణ్ణి ముందుగా పట్టుకుంటుంది. ఆ భయంతోనే అతడు తనకు తెలియకుండా కనుబొమలు ముడిచి, గొంతు బొంగురుచేసి, ‘వీడు వేరు, నేను వేరు’ అని ప్రతి మాటలోనూ చాటుకుంటాడు. పాత్ర అక్కడే దెబ్బతింటుంది, ఎందుకంటే ఏ దుర్మార్గుడూ తన దృష్టిలో తాను దుర్మార్గుడు కాడు.

కాబట్టి నాటకప్రతి చదివేటప్పుడు ప్రతి రంగం పక్కన పాత్ర గుణాన్ని కాకుండా కోరికను రాసుకోండి. ‘క్రూరుడు’ అన్న మాటను నటించలేము. ‘ఆమె నా మాట దాటకూడదు’ అన్న కోరికను నటించగలము. షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’లో ప్రతినాయకుడైన ఇయాగో తనకు రావలసిన పదవి తోటి సైనికుడు కాసియోకు దక్కిందని ఒకసారి, తన భార్యకు సేనాని ఒథెల్లోతో సంబంధం ఉందేమోనని మరొకసారి చెబుతాడు, చివర నిలదీసినప్పుడు మాత్రం నోరు విప్పనంటాడు. అసలు కారణమేదో నాటకం తేల్చకపోయినా, ఆ పాత్రధారి తన మనసులో తేల్చుకునే తీరాలి.

‘ఆ స్థితిలో నేనే ఉంటే’ అన్న రష్యన్ నటుడు, దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ ప్రశ్న ఇక్కడ ఉపయోగపడుతుంది గాని, దానికోసం సొంత గాయాలను రోజూ కెలుక్కోవడం మంచిది కాదని నా గట్టి అభిప్రాయం. ఒక చిన్న అసూయ, ఎప్పుడో మింగుకున్న అవమానం చాలు. మిగిలినది ఊహ చేస్తుంది.

ఉదాహరణకు, ‘ఇంతసేపు ఎక్కడున్నావు?’ అన్న వాక్యాన్ని తీసుకోండి. కళ్లురిమి అరిస్తే ప్రేక్షకుడికి పాతబడిన ప్రతినాయకుడే కనిపిస్తాడు. అదే వాక్యాన్ని చొక్కా చేతులు ఒక్కొక్క మడతా పైకి మడుచుకుంటూ, ఆమె ముఖం చూడకుండా, మామూలు గొంతుతో అడిగితే, రాబోయేది ఏమిటో ప్రేక్షకులకు దెబ్బ పడకముందే తెలిసిపోతుంది. ఆ తరువాత జాలి కోసం మాత్రం ప్రాకులాడకండి. రచయిత రాయని కన్నీటిచుక్కను కలిపితే, పాత్రను అర్థం చేసుకోవడం కాస్తా దాన్ని క్షమించమని వేడుకోవడంగా మారుతుంది.

పాత్రలో మరీ కూరుకుపోతున్నామనిపిస్తే జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ సూచించిన అభ్యాసం ఒకటి ఉంది: రిహార్సల్‌లో సంభాషణను ప్రథమ పురుషలో, భూతకాలంలో, రంగసూచనలతో సహా పైకి చెప్పడం. ‘అతడు లేచి, తలుపు గడియ పెట్టి, ఆమెను కూర్చోమన్నాడు’ అని చెబుతున్నప్పుడు, గడియ పెట్టకుండా ఉండే అవకాశం కూడా అతనికి ఉండిందన్న సంగతి స్పష్టమవుతుంది.

హింసా సన్నివేశాల్లో ఆవేశానికి తావివ్వకూడదు. ప్రతి కదలికనూ ముందుగా నిర్ణయించుకుని, మొదట చాలా నెమ్మదిగా సాధన చేసి, ప్రతి ప్రదర్శనకు ముందు ఇద్దరూ మరోసారి సరిచూసుకోవాలి. జుట్టు పట్టి లాగే దృశ్యంలో మీరు పిడికిలిని తలకు ఆనించి ఉంచుతారు, సహనటి మీ మణికట్టును గట్టిగా పట్టుకుని కదలికను తానే నడిపిస్తుంది; చూసేవారికి లాగుతున్నది మీరే అనిపిస్తుంది. ఆమె ఆపమన్న క్షణంలో ఆగిపోయే సంకేతాన్ని కూడా ముందే ఒప్పుకోవాలి.

తెర పడిన వెంటనే దుస్తులు మార్చుకుని, ముఖం కడుక్కుని, సహనటిని ఆమె అసలు పేరుతో పలకరించండి. పాత్ర తాలూకు చిరాకు ఇంటిదాకా వస్తున్నా, నిద్ర చెడుతున్నా దర్శకుడికి దాచకుండా చెప్పండి.