పడవకు రాపిడి బద్ద: బిగించే పద్ధతి, ఊడదీసే వీలు

రాపిడి బద్ద అంటే పడవ పక్కల వెంట బయట బిగించే చెక్క పట్టీ. రేవు మెట్టుకో పక్క పడవకో రాసుకుని అరగాల్సింది బద్ద, పడవ పలక కాదు. అరిగాక దాన్ని తీసి కొత్తది వేసుకోవాలి. అందుకే ఎపాక్సీ జిగురుతో అతికించొద్దు. మార్చే రోజున బద్దతో పాటు పలక పేళ్లు కూడా లేచొస్తాయి.

ముప్పావు అంగుళం పలకలతో కట్టిన 16 అడుగుల పడవ అనుకుందాం. ఒకటిన్నర అంగుళం వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉన్న టేకు బద్దలు రెండు కావాలి. పక్క వంపు పొడుగు తినేస్తుంది కాబట్టి ఒక్కోటి 18 అడుగులు తీసుకోండి. అంత పొడుగు దొరక్కపోతే రెండు ముక్కల్ని ఏటవాలుగా కోసి అతకాలి. వాలు మందానికి 8 రెట్లు, అంటే 6 అంగుళాలు. ఎపాక్సీ వాడాల్సింది ఈ అతుకుకే. అతుకు వెనక భాగంలో పడేలా చూసుకోండి, ముక్కు దగ్గరి వంపులో పడితే విరుగుతుంది.

బద్ద పై అంచును చిత్రిక పట్టి వాలు చేయడం మరిచిపోవద్దు. యానాం, అంతర్వేది వైపు పోటు వచ్చేటప్పుడు కట్టేసిన పడవ లేస్తుంది. అంచు వాలు లేకుండా ఉంటే రేవు చెక్క కింద ఇరుక్కుంటుంది, నీరు పెరిగేకొద్దీ పడవ ఒక పక్కకి ఒరుగుతుంది.

వంచడానికి బద్ద మీద గోనె సంచులు చుట్టి ముప్పావు గంట మరిగే నీళ్లు పోస్తూ ఉండండి. వేడి మీదే ముక్కు దగ్గర మొదలుపెట్టి, వెనక్కి వెళ్తూ సి-క్లాంపులు బిగించండి. బద్ద గీత సమంగా ఉందో లేదో కొలతతో తేలదు, పది అడుగుల దూరం నుంచి కంటితో చూడాలి. అలాగే రెండు రోజులు ఆరనివ్వండి. తడి బద్ద కింద సందులు మూసే సీలెంటు పట్టదు.

స్క్రూలు 6 అంగుళాలకొకటి. విరిగేవి, పోయేవి కలుపుకుని 80 కొనండి. ఇనుప మేకులు ఉప్పునీటికి తుప్పు పట్టి చెక్కను నల్లబరుస్తాయి. ఇత్తడిలోని జింకును ఉప్పునీరు లాగేస్తుంది, స్క్రూ గుల్లబారుతుంది. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకే డబ్బు పెట్టండి. తల పావు అంగుళం లోపలికి దిగాలి, లేకపోతే బద్ద అరిగాక బయటపడి అవతలి పడవను గీరుతుంది. లోపల పలకల్ని పట్టి ఉంచే వంపు కర్ర ఉన్నచోట 2 అంగుళాల స్క్రూ, ఒట్టి పలక ఉన్నచోట 1 అంగుళం. ఒకటింపావు వేస్తే మొన పలక లోపలి ముఖం దాకా వచ్చేస్తుంది. ముందు సన్న బెజ్జం వేసి, స్క్రూకి సబ్బు రాయండి. ఒకే గీత మీద కాకుండా కాస్త పైకీ కిందికీ మార్చి వేస్తే బద్ద నిలువునా చీలదు. పైన చెక్క బిరడాలు వార్నిష్‌తో పెట్టండి, జిగురుతో కాదు. రేపు ఉలి మొనతో తేలిగ్గా ఊడొస్తాయి.

బద్ద వెనక పాలీయురేథేన్ సీలెంటు రెండు గీతలుగా వేసి, అంచుల్లో ఉబికేదాకా బిగించండి. అంతకు మించితే మొత్తం బయటికి పిండేసినట్టే. సిలికాన్ వద్దు, దాని మీద రంగు నిలవదు. పై అంచు వెంబడి సందు మిగిలితే వాన నీరు అక్కడే నిలిచి, ముందు పలకే కుళ్లుతుంది. బద్దకు బదులు టైరు ముక్కలు మేకులతో కొట్టినా ఇదే తంటా. కొబ్బరి తాడు చుట్టలు కావాలంటే వేలాడదీయండి.

మిగిలిన కొసలు చివర్లో కోయండి. కోసిన ముఖం నీళ్లు బాగా తాగుతుంది కాబట్టి దానికి రంగో వార్నిషో మూడు పూతలు.