తోటకు సముద్రపు నాచు ఎరువు: ఎలా వాడాలి?

సముద్రపు నాచుకు వేర్లు ఉండవు. రాయిని పిడికిలిలా బిగించి పట్టుకునే భాగం ఒకటి ఉంటుంది గానీ, అది పట్టు కోసమే. కావలసిన పోషకాలన్నీ నాచు తన ఒంటితోనే, చుట్టూ ఉన్న ఉప్పునీటి నుంచి పీల్చుకుంటుంది. పొటాషియం, మెగ్నీషియం, ఇనుము, జింక్, బోరాన్, అయోడిన్ అన్నీ అలా దాని ఒంట్లో చేరతాయి. చెట్ల కొమ్మల్లో ఉండే గట్టి పీచు ఇందులో ఉండదు కాబట్టి మట్టిలో పడ్డాక త్వరగా చివికిపోతుంది. పొలం గడ్డితోనో పశువుల ఎరువుతోనో వచ్చే కలుపు గింజల బెడద కూడా దీనితో లేదు.

ఇంత మంచిదైనా, ఇది పూర్తి ఎరువు కాదు. పొటాష్ బాగా ఉంటుంది, నత్రజని ఓ మోస్తరుగా ఉంటుంది, భాస్వరం మాత్రం బాగా తక్కువ. మిగతా ఎరువులన్నీ మానేసి నాచు ఒక్కటే వేస్తే మొక్కలు కొన్నాళ్ళకు నీరసపడతాయి, తప్పేమో నాచు మీదికి పోతుంది. కంపోస్టుకో పశువుల ఎరువుకో తోడుగా వేసినప్పుడే దీని అసలు విలువ కనిపిస్తుంది.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. ఐర్లాండ్ పశ్చిమ తీరంలోని ఆరన్ దీవుల్లో నేలంతా సున్నపురాయి బండలే. అక్కడి జనం ఆ బండల మీద ఇసుకనూ నాచునూ పొరలు పొరలుగా పరిచి, ఏళ్ళ తరబడి శ్రమపడి మట్టినే తయారు చేసుకున్నారు. ఆ మట్టిలోనే బంగాళాదుంపలు పండించారు. ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య ఉన్న జెర్సీ దీవి రైతులు కూడా శతాబ్దాలుగా తమ దుంప పొలాలకు నాచు తోలారు.

ముందు నాచు ఎక్కడిదో చూసుకోండి

ఒడ్డు నుంచి తెచ్చుకునేవారు మొదట అక్కడి నిబంధనలు కనుక్కోవాలి. చాలా తీరాల్లో నాచు తీసుకోవడానికి అనుమతి కావాలి. రక్షిత ప్రాంతాల్లో అసలు ముట్టుకోకూడదు. అనుమతి ఉన్నచోట కూడా కెరటాలు తెచ్చి పడేసిన నాచునే ఏరుకోండి. రాళ్ళకు అంటుకుని బతికున్న దాన్ని కోయకండి, చేపపిల్లలకూ పీతలకూ అది ఇల్లు. ఒడ్డున పడి ఉన్నదంతా ఊడ్చి తేవడం కూడా తప్పే. ఆ కుప్పల కింద చిన్న చిన్న పురుగులు బతుకుతాయి, వాటి మీద ఆధారపడి తీరపు పక్షులు బతుకుతాయి. అక్కడింత అక్కడింత తీసుకుని మిగతాది వదిలేయండి.

మురుగు కాలువలు కలిసేచోట, ఓడరేవుల దగ్గర, ఫ్యాక్టరీల పక్కన దొరికే నాచు వద్దే వద్దు. మంచి ఖనిజాలను పీల్చినట్టే విషపు లోహాలనూ ఇది పీల్చుకుంటుంది. గోధుమరంగు నాచుల్లో, అందులోనూ సర్గాసమ్ అనే తేలాడే రకంలో, ఆర్సెనిక్ ఎక్కువగా ఉంటుంది. అందుకే కూరగాయల మడుల్లో ఏటా మందంగా వేయకుండా మితంగా వాడాలి. ఎక్కడిదో తెలియని నాచునైతే పూలమొక్కలకే పరిమితం చేయడం మేలు.

ఉప్పు సంగతి

అందరికీ టెన్షన్ ఇదే. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, నాచుకు అంటుకుని వచ్చేది ఆ నీరే. వానలు బాగా పడి, నీరు ఇంకిపోయే తోటల్లో కడగకుండా వేసినా ఆ ఉప్పు కిందికి కొట్టుకుపోతుంది. కుండీల్లోనూ, బంకమట్టిలోనూ, వాన తక్కువ ఉన్నచోటా అలా కాదు. ఉప్పు అక్కడే పేరుకుపోతుంది. కాబట్టి కడిగే వాడమని నా సలహా, ఆ పనికి పట్టేది పావుగంటే.

నాచును వాలుగా ఉన్న గచ్చు మీదో జాలీ మీదో పలచగా పరచండి. పైపుతో ఒకసారి బాగా తడిపి, నీరు కారిపోయాక మళ్ళీ తడపండి. ఆ నీరు మడుల్లోకి పారకుండా చూసుకోండి. కడుగుతూనే ప్లాస్టిక్ ముక్కలు, వల దారాలు ఏరేయండి. దారాలు నాచులో ఎంతగా చిక్కుకుని ఉంటాయంటే, చేత్తో విడదీసి చూస్తే తప్ప కనబడవు. రాత్రంతా నీళ్ళలో నానబెట్టకండి. ఉప్పుతోపాటు పొటాష్ కూడా కరిగి పోతుంది. వానాకాలమైతే ఒకట్రెండు మంచి వానలకు ఆరుబయట వదిలేసినా చాలు.

కడిగేటప్పుడు ఒక ముక్కను వేళ్ళ మధ్య రుద్ది చూడండి. గోధుమరంగు నాచైతే జిగురుగా జారుతుంది. ఆల్జినేట్లు అనే పదార్థాల వల్ల వచ్చే జారుడు అది. నీటిని పట్టి ఉంచే గుణం, పొడి మట్టి రేణువులను చిన్న చిన్న ఉండలుగా కలిపే గుణం వాటికి ఉన్నాయి. ఇసుక నేలలు ఉన్నవాళ్ళకు పోషకాలకన్నా ఈ జిగురే ఎక్కువ ఉపయోగం అనిపిస్తుంది నాకు.

మడి మీద పరచడం

మొదటిసారి వాడేవారు దీనితోనే మొదలుపెట్టండి. ముందు మడికి నీళ్ళు పెట్టి, మట్టి తడిగా ఉన్నప్పుడే నాచును 8 నుంచి 10 సెంటీమీటర్ల మందాన పరచండి. ఎక్కువైందేమో అనిపిస్తుంది గానీ, కొద్ది రోజుల్లోనే ఎండి, కుంచించుకుపోయి పలచని పొరగా మారుతుంది. మొక్క మొదలు చుట్టూ నాలుగు వేళ్ళ ఖాళీ తప్పకుండా వదలండి. తడి నాచు కాండానికి ఆనుకుంటే అక్కడ కుళ్ళు పట్టవచ్చు. మొదటి వారం కాస్త వాసన, చిన్న ఈగలు తప్పవు. పైన ఎండుటాకులు చల్లితే రెండూ తగ్గుతాయి.

నెలా నెలన్నర తర్వాత ఆ పొరను ఒక మూల ఎత్తి చూడండి. పైన తోలులా గట్టిపడి ఉంటుంది. కింద మట్టి ఇంకా చల్లగా, తడిగా ఉంటుంది. వానపాములు పైకి వచ్చి ఆ పొరను అడుగు నుంచి తింటుంటాయి. అక్కడక్కడా నాచు ఆనవాలే మిగలదు.

పచ్చి నాచు మీద విత్తనాలు చల్లకండి, లేత నారు నాటకండి. మట్టిలో కలిపి దున్నాలనుకుంటే నాటడానికి కనీసం రెండు నెలల ముందే ఆ పని ముగించండి. బీట్‌రూట్, క్యాబేజీ లాంటివి కాస్త ఉప్పును తట్టుకుంటాయి. చిక్కుళ్ళు, స్ట్రాబెర్రీలు అస్సలు తట్టుకోలేవు. వాటికి బాగా కడిగినదో కంపోస్టుగా మారినదో వేయండి.

కంపోస్టులో

కుప్పలో నాలుగో వంతు మించకుండా, ముక్కలు చేసిన నాచును ఎండుటాకులతో కలిపి వేయండి. ఒకేచోట దట్టంగా వేస్తే గాలి ఆడక కుళ్ళిపోతుంది. నాచు పడితే కుప్ప త్వరగా వేడెక్కుతుంది, పని కూడా చురుగ్గా సాగుతుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. గాలి తగలకుండా కుళ్ళే నాచు నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వస్తుంది. 2009లో ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరంలో, కుళ్ళిన ఆకుపచ్చ నాచులో దిగబడిన గుర్రం ఈ వాయువు వల్ల చనిపోయింది, దాని రౌతు స్పృహ తప్పాడు. తోటలో ఉండే బకెట్టుతో అంత ప్రమాదం రాదు గానీ, గోనెసంచుల కొద్దీ తడి నాచును మూసి ఉన్న గదిలో ఎప్పుడూ నిల్వ చేయకండి. తెచ్చిన రోజే పరచండి, లేదా ఎండబెట్టండి.

ద్రావణం తయారీ

మూడింట రెండొంతుల బకెట్టు నిండేలా తరిగిన నాచు వేసి, మునిగేలా నీళ్ళు పోయండి. మూతను బిగించకుండా వదులుగా పెట్టి, ఇంటికి దూరంగా ఆరుబయట నీడలో ఉంచండి. రెండు మూడు రోజులకోసారి కర్రతో కలపాలి. వేడి వాతావరణంలో ఆరు నుంచి ఎనిమిది వారాలు, చలిలో ఇంకాస్త ఎక్కువ పడుతుంది. వాసన ఘాటుగా ఉంటుంది. వడకట్టి, ఒక వంతు ద్రావణానికి పది వంతుల నీళ్ళు కలపండి. పలచని టీ రంగులోకి వస్తే సరిపోయినట్టే. తడి మట్టిలో, మొదళ్ళ చుట్టూ పోయండి. పచ్చిగా తినే ఆకుకూరల మీద ఇంట్లో పులియబెట్టిన ద్రావణం చల్లకండి. మిగతా మొక్కల ఆకుల మీద చల్లాలనుకుంటే ఇరవై వంతుల నీళ్ళు కలిపి, గుడ్డతో రెండోసారి వడపోయండి. లేకపోతే స్ప్రేయర్ నాజిల్ మూసుకుపోతుంది. ముందు ఒక్క మొక్క మీద చల్లి రెండు మూడు రోజులు చూడండి. నేను ఒకసారి తొందరపడి చిక్కటి ద్రావణాన్నే టమాటా మొక్కలన్నిటికీ కొట్టాను, రెండు రోజుల్లో లేత ఆకుల అంచులు మాడిపోయాయి.

కొనుక్కునే ద్రావణాలు చాలావరకు అస్కోఫిల్లమ్ అనే గోధుమరంగు నాచుతో చేస్తారు. కలిపే మోతాదు సీసా మీద ఉన్నదే పాటించండి, ఎక్కువ పోస్తే ఎక్కువ ఫలితం రాదు. లేబుల్‌లో పొటాష్ శాతం ఎక్కువగా కనిపిస్తే, అదంతా నాచుదే కాకపోవచ్చు. చాలా కంపెనీలు పొటాషియం హైడ్రాక్సైడ్‌తో రసం తీస్తాయి, దాని పొటాషియం అందులోనే మిగులుతుంది. ఈ ద్రావణాల్లో ఆక్సిన్లు, సైటోకైనిన్లు అనే ఎదుగుదల హార్మోన్లు కొద్ది మోతాదులో ఉంటాయి. నారు నాటినప్పుడు, పూత రాబోయే ముందు, ఎండ దెబ్బ తగిలినప్పుడు ఇస్తే మొక్క తేరుకోవడానికి సాయపడతాయి. పురుగుకూ తెగులుకూ మాత్రం ఇది మందు కాదు.

సముద్రానికి దూరంగా ఉండేవారికి ఎండు పొడి సులువు. చదరపు మీటరుకు 50 నుంచి 100 గ్రాములు పై మట్టిలో కలిపి నీళ్ళు పెట్టండి. కుండీకైతే ఒక చెంచా చాలు. కరగడానికి నెలలు పడుతుంది కాబట్టి నాటడానికి బాగా ముందే వేయండి.

ఏ పద్ధతిలో వాడినా, తర్వాత ఆకుల కొనలు గోధుమరంగులోకి మారుతున్నా, కుండీ అంచున తెల్లని పూత కనిపిస్తున్నా ఉప్పు ఎక్కువైనట్టు అనుమానించాలి. నాచు పొరను వెంటనే తీసేయండి. కుండీ అడుగు రంధ్రాల నుంచి ధారాళంగా కారేదాకా మంచినీళ్ళు పోసి, గంట ఆగి మళ్ళీ అలాగే పోయండి. మాడిన ఆకులు మళ్ళీ పచ్చబడవు, కొత్త చిగురు శుభ్రంగా వచ్చేదాకా మరే ఎరువూ వేయకండి.