పికప్‌కి ముందు సాలిడ్ యాక్సిల్ వేయాలంటే, యాక్సిల్ కొనకముందే తీయాల్సిన కొలతలు

వరంగల్ చుట్టుపక్కల పికప్‌లతో ఆఫ్‌రోడ్ తిరిగేవాళ్లలో ఎవరో ఒకరికి ఈ ఆలోచన పుడుతూనే ఉంటుంది, ముందున్న ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం దేనికదే ఆడేది) పీకేసి పాత జీపుకున్నట్టు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాల్నీ కలిపే ఒకే గట్టి ఇరుసు) వేసేద్దామని. చేయొచ్చు. కానీ చాలామంది ముందు స్క్రాప్ షాపుకి పోయి, చవకగా దొరికిందని యాక్సిల్ కొనుక్కొచ్చి, ఆ తర్వాత టేపు పట్టుకుంటారు. నిజానికి ఈ పనిలో అన్నిటికంటే తక్కువ ఖర్చు ఆ యాక్సిల్‌దే. దానికోసం మార్చాల్సిన స్టీరింగ్, బ్రేకులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (యాక్సిల్‌కి శక్తి తెచ్చే తిరిగే కడ్డీ), లేత్ పని, వెల్డింగ్, ఇవే జేబు ఖాళీ చేస్తాయి.

అసలు మీకిది కావాలా? ఏటూరునాగారం దగ్గర గోదావరి ఇసుక, వానాకాలంలో ఆదిలాబాద్ నల్లరేగడి, ఇవే మీ దారులైతే అవసరం లేదన్నా. మంచి మడ్ టైర్లు, గాలి తగ్గించి నడిపే అలవాటు, వెనక ఒక డిఫ్ లాక్ (రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించేది) ఉంటే చాలు. సాలిడ్ యాక్సిల్ సత్తా చూపించేది బండల మీద. ఒక చక్రం బండరాయి ఎక్కితే అదే యాక్సిల్ రెండో చక్రాన్ని కిందికి నొక్కి పట్టు ఇస్తుంది, పైగా యాక్సిల్ గుండుకీ (లోపల గేర్లుండే ఉబ్బెత్తు భాగం) నేలకీ మధ్య ఎత్తు, సస్పెన్షన్ ఎంత కుంగినా మారదు. హన్మకొండ, కరీంనగర్ వైపు గ్రానైట్ గుట్టల్లో, సొంత భూమిలోనో యజమాని ఒప్పుకున్న పాత క్వారీలోనో తిరిగేవాళ్లకి ఇది పనికొస్తుంది. హైవే మీద మాత్రం బండి ముందుకంటే బరువుగా, కుదుపుగా ఉంటుంది, ఇంట్లోవాళ్లు ‘మేం ఎక్కం’ అనే అవకాశం కూడా ఉంది.

ఇంకో మాట, ఇది కచ్చితంగా చదవండి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ కింద యజమానికి 6 నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. రోడ్డు మీద ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా ఇదే అడ్డొస్తుంది. కాబట్టి దీన్ని రోడ్డు బండిగా కాకుండా, ప్రైవేటు స్థలానికి రికవరీ బండి మీద ఎక్కించి తీసుకెళ్లే బండిగానే అనుకోండి. రోజూ ఆఫీసుకి పోయేది కూడా ఇదే బండి అయితే ఇక్కడే ఆగిపోవడం మంచిది. అభయారణ్యాల్లోకి, పాండవుల గుట్టలాంటి రాతి చిత్రాలున్న చోట్లకి ఏ బండితోనూ పోవద్దు.

సరే, చేద్దామనే అనుకుందాం. ఉదాహరణకి ఇసుజు వి-క్రాస్ తీసుకుంటాను, ఎందుకంటే మన దగ్గర ఎక్కువగా అడిగేది దాని గురించే. బండిని చదునైన సిమెంటు నేల మీద, టైర్లలో సరైన గాలితో నిలబెట్టండి. బంపర్, వించ్, వెనక ఎప్పుడూ మోసే సామాను, అన్నీ దాని మీదే ఉండాలి. మేస్త్రీలు వాడే తూకం గుండు తెచ్చి ఛాసిస్ రెండు వైపుల నుంచి వేలాడదీసి, నేల మీద సుద్దతో గుర్తులు పెట్టండి. ఛాసిస్ మధ్యగీత, ముందు వెనక చక్రాల మధ్య బిందువులు, ఇంజన్ సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) అంచులు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకి శక్తి పంచే గేర్ల పెట్టె) ముందు ఫ్లాంజ్ (షాఫ్ట్ బిగించే చక్రం లాంటి ముక్క) ఎక్కడుందో, అన్నీ నేల మీద గీయండి. ఒకసారి పాత సస్పెన్షన్ విప్పేశాక ఈ గీతలే మీకు ఆధారం, కాబట్టి చెరిగిపోకుండా మీద పెయింట్ వేయండి.

అన్నిటికంటే ముఖ్యమైన కొలత సంప్ కింద ఖాళీ. ఇండిపెండెంట్ సస్పెన్షన్ బళ్లలో సంప్ కింద నిండా పైకీ కిందికీ ఆడే యాక్సిల్ ఉండదు, అందుకే కంపెనీ సంప్‌ని కిందికే పెడుతుంది. మీరు పెట్టబోయే యాక్సిల్ సరిగ్గా ఆ ఖాళీలోకే ఎగురుతుంది. లెక్క ఇలా వేయండి. 31 అంగుళాల టైరు బరువు పడ్డాక యాక్సిల్ మధ్యభాగం నేల నుంచి సుమారు 380 మిల్లీమీటర్లు ఉంటుంది. యాక్సిల్ గొట్టం 75 మిల్లీమీటర్ల మందం అనుకుంటే దాని పైభాగం 418 దగ్గర. పైకి ఎగరడానికి కనీసం 100 వదలాలి, ఆపైన 25 గ్యాప్ ఉండాలి, అంటే సంప్ అడుగు నేల నుంచి 543 కంటే పైన ఉండాలి. గుండు ఉన్న వైపైతే ఇంకా ఎక్కువ కావాలి, దాని పైభాగం మధ్య నుంచి 130 ఎత్తుంటే లెక్క 635కి పోతుంది. బండిని ఎంత లేపాలో ఈ లెక్కే చెబుతుంది, చూడ్డానికి బాగుందని 6 అంగుళాలు లేపేయడం కాదు. ఎక్కువ లేపితే తర్వాత వచ్చే ప్రతి సమస్యా రెట్టింపు అవుతుంది.

ఇప్పుడు యాక్సిల్ వెతకండి. జిప్సీ యాక్సిల్ వెంటనే గుర్తొస్తుంది, కానీ జిప్సీ ట్రాక్ (ఎడమ, కుడి చక్రాల మధ్య వెడల్పు) 1300 మిల్లీమీటర్ల దగ్గర, వి-క్రాస్‌ది 1570. అంత తేడాని స్పేసర్లతో (హబ్బుకీ చక్రానికీ మధ్య పెట్టే దిమ్మలు) పూడ్చకూడదు. పైగా జిప్సీ సుమారు టన్ను బండి, వి-క్రాస్ దాదాపు రెండు టన్నులు, బండల మీద ఆ షాఫ్టులు నిలబడవు. జిప్సీ చక్రానికి 5 బోల్టులు, వి-క్రాస్‌కి 6, పిచ్ సర్కిల్ (బోల్టులన్నీ పడే వలయం వ్యాసం) మాత్రం రెండింటికీ 139.7 మిల్లీమీటర్లు. పాత గూర్ఖా, మిలిటరీ వేలంలో దొరికే జోంగా, ఇలా బరువు మోసే బండి యాక్సిల్ చూడండి. జోంగా జబల్‌పూర్‌లో 1999 దాకా తయారైంది, యాక్సిల్ గట్టిదే, కానీ సీల్స్, బేరింగులు దొరుకుతాయో లేదో కొనకముందే కనుక్కోండి. నా మాట వింటే ముందు, వెనక రెండూ ఒకే బండివి తీసుకోండి. రేషియో (చక్రం ఒక చుట్టుకి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతుందో), వెడల్పు, బోల్టు లెక్క, మూడూ ఒక్క దెబ్బకి తీరిపోతాయి. వెనక హ్యాండ్‌బ్రేకు కేబులు, స్పీడో సెన్సారు పని పెరుగుతుంది, పెరగనివ్వండి.

ఒక్క ముందు యాక్సిలే మారుస్తున్నారంటే రేషియో తప్పనిసరిగా చూడాలి. షాపువాడి మాట కాదు, మీరే తిప్పి చూడండి. ఒక చక్రం కదలకుండా పట్టుకుని, రెండోదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పితే పినియన్ (షాఫ్ట్ బిగిసే చిన్న గేరు) ఎన్ని చుట్లు తిరిగిందో అదే రేషియో. ఫ్లాంజ్ మీద సుద్ద గీత పెట్టి లెక్కపెట్టండి. గేర్ల మీద 41, 10 అని పళ్ల లెక్క కొట్టి ఉంటే 4.1 అని అర్థం. వెనకది కూడా ఇలాగే తేల్చుకోండి. 4.1కి 3.9 కలపకూడదు, ఆ కొద్ది తేడా గట్టి నేల మీద 4x4 వేసినప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. అలాగే యాక్సిల్ గుండు ఏ వైపు ఉందో, మీ ట్రాన్స్‌ఫర్ కేసు ముందు ఫ్లాంజ్ ఏ వైపు ఉందో చూసుకోండి. అడ్డంగా వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ సంప్‌కో గేర్‌బాక్సుకో తగులుతుంది.

సస్పెన్షన్ విషయంలో నాది ఒకటే పక్షం, కమాను కట్టలు. కాయిల్ స్ప్రింగులు, లింకులు బాగా పనిచేస్తాయి, కానీ లింకు కోణాలు, పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టే కడ్డీ) లెక్క తప్పితే బండి ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. కమాను కట్టలైతే లారీ పని చేసే ఏ మెకానిక్కైనా అలవాటే, ఒక పట్టీ తీస్తే మెత్తబడుతుంది, ఒకటి వేస్తే గట్టిబడుతుంది.

స్టీరింగ్ దగ్గర అసలు టెన్షన్. ఫ్రేముకి బిగించిన స్టీరింగ్ ర్యాక్, పైకీ కిందికీ మొత్తంగా కదిలే యాక్సిల్‌కి పనికిరాదు, స్టీరింగ్ బాక్సు పెట్టాల్సిందే. బాక్సు ఛాసిస్‌కి బోల్టు అయ్యే చోట లోపలి నుంచి గొట్టపు బుష్‌లు, బయట ప్లేటు వేయించండి, లేకపోతే అక్కడ చీలుతుంది. డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రం వైపు పోయే కడ్డీ) వీలైనంత అడ్డంగా, నేలకి సమాంతరంగా ఉండాలి. బాగా వాలిందంటే గుంత పడినప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంది. మీ పవర్ స్టీరింగ్ పంపు ప్రెషర్ కొత్త బాక్సుకి సరిపోతుందో ముందే చూపించుకోండి.

క్యాస్టర్ (ముందు చక్రం స్టీరింగ్‌కి తిరిగే గీత పైభాగం వెనక్కి వాలే కోణం) 5 నుంచి 7 డిగ్రీల మధ్య పెట్టుకోండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. క్యాస్టర్ పెంచాలని యాక్సిల్ పైభాగాన్ని వెనక్కి తిప్పితే పినియన్ ముక్కు కిందికి వాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం చెడిపోతుంది. రెండూ కుదరకపోతే నకుల్ (స్టీరింగ్‌తో చక్రం తిరిగే కీలు) బిగిసే యాక్సిల్ కొనలు కోసి తిప్పి మళ్లీ వెల్డ్ చేయాలి, అది జిగ్ (కదలకుండా సరైన కోణంలో పట్టే చట్రం) మీద, బాగా తెలిసినవాడు చేసే పని. తక్కువ లేపిన బండికి ఈ తలనొప్పి చాలావరకు రాదు.

వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ విప్పి, ఈసీయూ, ఏబీఎస్ కనెక్టర్లు తీసేయండి. స్ప్రింగు సీట్లు యాక్సిల్ గొట్టానికి ఒకేసారి చుట్టూ వెల్డ్ చేస్తే గొట్టం వంగుతుంది, కాబట్టి ఈ వైపు కొంచెం, ఆ వైపు కొంచెం, చల్లారనిచ్చి చేయించండి. తక్కువ హైడ్రోజన్ ఉండే 7018 రాడ్ అడగండి. ముందుగా అన్నీ ట్యాక్ (అక్కడక్కడా చిన్న వెల్డు) మాత్రమే వేసి, బండిని దాని బరువు మీద నిలబెట్టి, ఒక పక్క చక్రం పూర్తిగా పైకి, ఇంకో పక్క పూర్తిగా కిందికి పోనిచ్చి చూడండి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో ముందుకీ వెనక్కీ జారే జాయింటు (స్లిప్) విడిపోతుందా, బ్రేకు హోసు లాగుతుందా, టైరు ఛాసిస్‌కి రాసుకుంటుందా చూసి, అప్పుడే పూర్తి వెల్డింగ్.

ఏబీఎస్ ఉంచుకోవాలంటే కొత్త హబ్బుల మీద అదే పళ్ల లెక్క ఉన్న రింగులు, సెన్సార్లు కుదర్చాలి. లేదంటే ఆ లైటు వెలుగుతూనే ఉంటుంది, బ్రేకు బ్యాలెన్సు కూడా నమ్మలేం. కాలిపర్లు మారితే మాస్టర్ సిలిండర్ సైజు కూడా చూసుకోండి.

మొదట ఖాళీ స్థలంలో నెమ్మదిగా తిప్పి, ఖాళీగా ఉన్న చోట గట్టిగా బ్రేకు వేసి చూడండి. యూ బోల్టులు మొదటి రోజు మళ్లీ బిగించండి, ఆ తర్వాత బండల మీదకి పోయొచ్చిన ప్రతిసారీ వాటిని, స్టీరింగ్ బాక్సు బోల్టుల్ని, వెల్డింగు అంచుల్ని టార్చి వేసి చూడండి. వెంట్రుక మందం పగులు కనిపించినా బండిని ఆపేయండి.